చిత్రకళోపాధ్యాయుని సాధనయు, బోధనయు: ఉత్తర తెలంగాణ దృష్టితో ఒక సమీక్ష

చిత్రకళను బోధించువాడు తానును నిత్యము చిత్రములు వ్రాయుచుండవలెనా, లేక వ్రాయు విధానమును చక్కగా వివరింపగలిగిన చాలునా యను ప్రశ్న మన విద్యాచర్చలలో మిక్కిలి అరుదుగా వినబడును. సంగీతాచార్యుని విషయమున ఇట్టి ప్రశ్న పుట్టనే పుట్టదు, ఏలయన తాను పాడనివాడు పరులకు పాట నేర్పునని యెవ్వరును నమ్మరు. కాని మన ఉన్నత పాఠశాలలలో పిల్లలు ప్రేమతో 'డ్రాయింగు సారు' అని పిలుచుకొను ఉపాధ్యాయుని విషయమున మాత్రము, అతడు ఉద్యోగమున చేరిననాడు చూపిన ధ్రువపత్రములే అతని కళకు మొదటి సాక్ష్యములును కడపటి సాక్ష్యములును అగుచున్నవి. ఆ తరువాత ముప్పది యేండ్లు అతడు కుంచె పట్టెనా, పట్టలేదా యని అడుగువారు లేరు.

ఈ ప్రశ్నను కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతముల నాధారముగా గైకొని పరిశీలించుటకు ప్రత్యేక కారణము కలదు. 2016లో జిల్లాల పునర్విభజన జరిగి నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల మొదలగునవి వేరుపడినను, ఇచ్చట ఆ రెండు పేర్లను పాత జిల్లాల అర్థముననే గ్రహింపవలెను. చేయుటయు నేర్పుటయు ఒకే చాపమీద జరుగు సంప్రదాయములు ఈ నేలపై ఇంకను సజీవముగా నున్నవి. ఆ రెండింటిని విడదీసిన పాఠశాలయు వాని ప్రక్కనే యున్నది. కావున ఈ విభజనమువలన కలిగిన నష్టమెంతయో, దానిని పూడ్చు మార్గమేదియో తెలిసికొనుటకు ఇంతకంటె అనువైన తావు దొరకుట కష్టము.

మొదట నిర్మల్ నకాషీల పనిని చూతము. తేలికయు మెత్తదనమును గల పొనికి కర్రను బాగుగా ఆరనిచ్చి, చేయదలచిన ఫలమునో పక్షినో జంతువునో బట్టి ముక్కలుగా చెక్కి, చింతగింజలు నూరిన బంకలో రంపపుపొట్టు కలిపి ఆ ముద్దతో అతుకులు అతికి, పైని నునుపు చేసి, తెల్లని పూత పూసి, అది ఆరిన పిదప రంగులు వేయుదురు. 1955లో ఏర్పడిన సహకార సంఘము ఈ కుటుంబములకు ఒక నీడను కల్పించినది. ఈ పనిలో నేర్చుకొనువాడు బొమ్మ మొత్తమును మొదటినాడే చేయబూనడు. బంక కలుపుట, గరుకు తీయుట, పూత పూయుట వంటి పనులలో చేయి కుదిరిన పిమ్మటనే కుంచె వానికి దక్కును. కాని తాను గరుకు తీయుచున్న బొమ్మ చివరకు ఏ రూపము దాల్చునో, పెద్దవాని చేతిలోని సన్నని కుంచె చిలుక కన్నును ఏ చోట నిలుపునో, అదంతయు వాని కన్నుల యెదుటనే జరుగుచుండును. అచ్చట పాఠమని వేరుగా ఒకటి లేదు. జరుగుచున్న పనియే పాఠము.

ఎలగందులలో వేళ్లూని కరీంనగర్ పట్టణమునకు వ్యాపించిన వెండి తీగ పనిలోను ఇదే రీతి కానవచ్చును. వెంట్రుకవలె సన్నగా సాగదీసిన వెండి తీగలను మెలివేసి, అదిమి, చట్రములో పూవులుగాను ఆకులుగాను ఒదిగించి, వేడిచేసి అతుకునపుడు, వేడి ఒక్కింత యధికమైనను తీగ కరగిపోవును, తగ్గినను అతుకు నిలువదు. ఆ హెచ్చుతగ్గులను మాటలతో చెప్పుట అసాధ్యము. నిప్పు రంగును చూచుచు, గురువు ఊపిరిని గమనించుచు నేర్వవలసినదే. 2007లో ఈ కళకు భౌగోళిక గుర్తింపు లభించినది.

ఆదిలాబాద్ అడవులలోని ఉషేగాఁవ్ గ్రామమున వోజ కుటుంబములు చేయు డోక్రా పని ఈ సత్యమును మరింత తీవ్రముగా బోధించును. మట్టితో లోపలి ముద్దను చేసి, దానిపై మైనపు పోగులను చుట్టి నగిషీ తీర్చి, మీదుగా మరల మట్టి కప్పి, కాల్చినపుడు మైనము కరగిపోగా ఏర్పడిన ఖాళీలో కరగిన ఇత్తడిని పోయుదురు. మట్టి అచ్చును పగులగొట్టినప్పుడు గాని లోపలి ప్రతిమ యెట్లు వచ్చెనో తెలియదు. ఒక అచ్చునకు ఒక్కటే ప్రతిమ. ఎన్ని యేండ్ల యనుభవమున్నను లోహము ఒక మూలకు చేరక నిలిచిపోవు ప్రమాదము గురువునకును తప్పదు. శిష్యుడు గురువు గెలుపును మాత్రమే గాక గురువు ఓటమిని కూడ చూచును; చూచి, ఆ ఓటమినుండి అతడు మరునాడు ఏమి మార్చుకొనెనో గ్రహించును. కుటుంబకళలలోని బోధనకు ప్రాణమంతయు ఇచ్చటనే యున్నదని నా నమ్మకము: నేర్పువాడు నేర్చుకొనుట మానలేదు.

ఇక పాఠశాల మాట. మన దేశమున చిత్రకళాశిక్షణ ప్రభుత్వపు చేతిలోనికి వచ్చినది పందొమ్మిదవ శతాబ్దమున. 1850లో మద్రాసునందును, 1857లో బొంబాయియందును వెలసిన కళాశాలలలో లండను నగరపు సౌత్ కెన్సింగ్టన్ పద్ధతి ప్రమాణమైనది. ఘనాకృతులను, అలంకారములను, ప్లాస్టరు అచ్చులను యథాతథముగా గీయుటయే అందు ప్రధానము. ఆ ధోరణి మెల్లగా ఉన్నత పాఠశాలల డ్రాయింగు పీరియడులోనికి దిగినది. లోయరు, హయ్యరు గ్రేడుల పరీక్షలు, వేసవిలో నలువదిరెండు దినముల టెక్నికల్ టీచర్ శిక్షణ, వీనిని దాటి వచ్చినవాడు డ్రాయింగు ఉపాధ్యాయుడగుటకు అర్హుడు. ఈ పరీక్షలు నిరర్థకములని నేననను. ఎందరో పేద యింటి పిల్లలకు కుంచెతో బ్రదుకు తెరువు చూపినవి అవియే. కాని చేయి ఒకనాడు సాధించిన నైపుణ్యము ఎన్నటికిని తరుగదను భావన వాని వెనుక నున్నది. అభ్యాసము లేని గాయకుని గొంతువలె అభ్యాసము లేని చిత్రకారుని కన్నును మొద్దుబారునన్న సంగతిని ఆ యేర్పాటు పరిగణింపలేదు. నల్లబల్లపై మామిడిపండును గీసి, దానిని చూచి గీయుడని చెప్పి కుర్చీలో కూర్చుండు పద్ధతికి మూలము ఉపాధ్యాయుని సోమరితనము కాదు. అతని సాధనను ఎవ్వరును కోరకపోవుటయే.

ఈ ధోరణికి ఎదురీదిన ప్రవాహమును గూడ పేర్కొనవలెను. వియన్నా నగరమున ఫ్రాంజ్ చిజెక్ అను చిత్రకారుడు 1897లో బాలల కళాతరగతి నారంభించి, పిల్లల గీతలకు స్వతంత్రమైన విలువ కలదని లోకమునకు చూపెను. 1919లో శాంతినికేతనమున కళాభవనము వెలసినది. అచ్చటి ఆచార్యుడు నందలాల్ బోసు శిష్యులతో కలిసి గోడలకు చిత్రములు వ్రాసెను, వారితో కలిసి పల్లెలకు పోయి చెట్లను పశువులను గీసెను, శిష్యులకు చిన్న కార్డులపై బొమ్మలు గీసి పంపుచుండెను. ఆ శాంతినికేతనమున చదువుకొన్న దేవీప్రసాద్ 1944లో సేవాగ్రామము చేరి, 1962 వరకు గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీమ్ పాఠశాలలో కళను బోధించుచు, తాను కుమ్మరి చక్రముముందు కూర్చుండి పాత్రలు చేయుచుండెను. వార్ధా నదికి ఆవల నున్న ఆ ఊరు ఆదిలాబాద్ సీమకు పొరుగే. వరంగల్ సీమలో 1924లో జన్మించిన కొండపల్లి శేషగిరిరావు శాంతినికేతనపు శిక్షణను హైదరాబాద్ లలితకళల కళాశాలకు తెచ్చి, తాను చిత్రములు వ్రాయుచునే తరములకొలది విద్యార్థులకు గురువాయెను.

ఈ ధారయంతయు ఒక పాఠశాల డ్రాయింగు ఉపాధ్యాయునియందు మూర్తీభవించిన ఉదాహరణము మనకు కాపు రాజయ్య. హైదరాబాద్ నుండి కరీంనగర్ పోవు దారిలోని సిద్దిపేటలో 1925లో జన్మించి, 2012లో కన్నుమూయువరకు ఆ యూరినే నమ్ముకొనిన రాజయ్య, పాఠశాలలో డ్రాయింగు బోధించుచునే అఖిల భారత ఖ్యాతి నార్జించెను. 2016లో పాత కరీంనగర్ జిల్లాలోని హుస్నాబాద్, కోహెడ, బెజ్జంకి ప్రాంతములు సిద్దిపేటలో చేరుటచేత ఇరుసీమల బాంధవ్యము పరిపాలనలోను స్థిరపడినది. రాజయ్య చిత్రములలో అది ముందే యున్నది. బోనములెత్తిన స్త్రీలు, బతుకమ్మ లాడు పడుచులు, పల్లెల శ్రామికులు, ఇవి ఆయన విషయములు. చేర్యాల నకాషీ పటములలోని గట్టి రేఖను, చదునైన రంగును ఆయన తన ఆధునిక శిక్షణతో మేళవించెను. అంతకంటెను ముఖ్యమైనది, సిద్దిపేటలో లలిత కళా సమితిని నెలకొల్పి ఆ చుట్టుపట్ల యువకులను కళకు మళ్లించుట. ఒక చిన్న పట్టణపు పాఠశాలలో బోధించువాని చిత్రములను దేశము గౌరవించునని, ఆ చిత్రములలోని మనుష్యులు తమ వీధిలోని వారేయని చూచిన పిల్లవానికి, కళ యెక్కడో దూరమున పుట్టునదియను భ్రాంతి తొలగిపోవును. ఇట్టి పాఠము ఏ పాఠ్యపుస్తకమును నేర్పజాలదు.

రెండవ ఉదాహరణము తోట వైకుంఠం. 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో జన్మించి, హైదరాబాద్‌లో చదివి, బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ సన్నిధిని శిక్షణ పొందిన ఆయన, హైదరాబాద్ బాలభవనమున పిల్లలకు చిత్రకళను బోధించెను. సుబ్రహ్మణ్యన్ స్వయముగా నందలాల్ పరంపరకు చెందినవాడు. బరోడా కళామేళాలలో విద్యార్థులతో పాటు కూర్చుండి ఆటబొమ్మలు చేసినవాడు. పండిత చిత్రకళకును జానపద శిల్పమునకును నడుమ గోడ కట్టరాదని తన చేతలతో చెప్పినవాడు. ఆ గురువు దగ్గర వైకుంఠం నేర్చినది బరోడా బాణీ కాదు, తన యూరివైపు చూచు చూపు. పెద్ద బొట్టు, నిండు చీర, ముదురు రంగుల మేని ఛాయ గల తెలంగాణ స్త్రీ ఆయన పటములపై నిలిచినది ఆ చూపు ఫలముననే. 'దాసి' చలనచిత్రమునకు కళాదర్శకుడుగా జాతీయ పురస్కారము లభించినదియు ఆ చూపునకే. గురువు తన శైలిని గాక తన సాధనా రీతిని శిష్యునకు ఇచ్చుటకు ఇంతకంటె మంచి నిదర్శనము లేదు.

కళాతరగతి పరిధిని దాటి చూచినను ఈ ప్రాంతమున ఇదే సత్యము పలుమారులు ఋజువైనది. 1943లో మార్లవాయిలో మానవశాస్త్రజ్ఞుడైన హైమెండార్ఫ్ దొర చొరవచే గోండు ఉపాధ్యాయుల శిక్షణ ప్రారంభమైనపుడు, గోండీ వాచకములను గోండీ యింటి భాషగా గల యువకులచేతనే బోధింపజేయుట దాని మూలసూత్రము. తాను బ్రదుకుచున్న భాషలో బోధించువాడు పరభాషలో బోధించువానికంటె పిల్లవానికి దగ్గరగా నుండునని అది నిరూపించినది. అదే మార్లవాయికి చెందిన గుస్సాడీ నృత్యకారుడు కనకరాజు తాను నర్తించుచునే యువకులకు నృత్యము నేర్పెను. 2021లో పద్మశ్రీ పురస్కారము ప్రకటించినపుడు దేశము గౌరవించినది ఆ నర్తకునియందలి గురువును గూడ.

ఉపాధ్యాయుని సాధన తరగతిలో దేనిని బలపరచును? ముందుగా అతని చూపును. పిల్లవాని చిత్రమున తప్పు కనబడుట సులభము. ఆ తప్పు ఏ క్షణమున, ఏ నిర్ణయమువలన పుట్టినదో కనబడుట కష్టము. ఉదాహరణమునకు దసరా దినములలోని ఒక తరగతిని తీసికొందము. పిల్లలు బతుకమ్మను వేయుచున్నారు. ఒక బాలిక తంగేడు పూల వరుసకు పసుపు రంగును తెల్లని కాగితముమీద పూసినది, అది వెలవెలబోయినది. మరల పూసినది, మరల పూసినది, కాగితము నలిగినది గాని పూవు వెలుగలేదు. సాధన లేనివాడు "ఇంకా గట్టిగ రంగు నింపు" అనును. నిన్న రాత్రి తానును ఇదే పసుపుతో పెనుగులాడినవాడు ఆ మాట అనడు. "మీ అమ్మ తంగేడు పక్కన ఏం పువ్వు పెడ్తది బిడ్డా?" అని యడుగును. "గునుగు పువ్వు సార్, ఎర్ర రంగుల ముంచి పెడ్తది. కింద గుమ్మడాకు పరుస్తది" అని యామె చెప్పును. ఆ యెరుపును, ఆ యాకు ముదురు పచ్చనను పసుపు చుట్టును చేర్చిన తోడనే, కొత్తగా ఒక్క చుక్క పసుపైనను వేయకయే తంగేడు పూవు వెలుగును. తన తల్లి తాంబాళములో పూలు పేర్చు పనిలో వర్ణశాస్త్రమంతయు ఇమిడి యున్నదని ఆ బాలికకు అప్పుడు తెలియును. ఉపాధ్యాయుడు ఆమె కాగితమును తాకలేదు; సరియైన ప్రశ్నను వేసెను. ఆ ప్రశ్న అతనికి పుస్తకమునుండి రాలేదు, కుంచెనుండి వచ్చినది.

పిమ్మట ప్రదర్శనమును. పిల్లల యెదుట గీయునపుడు సాధకుడైన ఉపాధ్యాయుడు తడబడుటకు జంకడు. గీత తప్పినచో తుడిచివేయక దాని ప్రక్కనే మరియొక గీత గీయును, ఏల మార్చెనో చెప్పును. చిత్రము ఆలోచనయను సంగతి పిల్లలకు అప్పుడు గోచరించును. విమర్శ భాషయు అట్లే. 'బాగున్నది', 'బాగులేదు' అను రెండు మాటలతో తరగతి నడిపించువాడు పిల్లవానిని ముందుకు నడిపింపలేడు. ఈ రేఖ బరువుగా నున్నది, ఈ మూల ఊపిరాడుటలేదు, ఇచ్చట రంగు తొందరపడినది అను మాటలు పని చేయుచున్నవానికే నోట వచ్చును. వీనియన్నిటికంటెను విలువైనది ఓర్పు. తన చిత్రము నెల దినములుగా కుదరక గోడకు ఆని యున్నదను ఎఱుక గలవాడు, నలువది నిమిషములలో ఏనుగును పూర్తిచేయలేదని పిల్లవానిని కసరుకొనడు.

ఈ విషయమున పరిశోధకులు చెప్పినదేమి? హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ప్రాజెక్ట్ జీరో బృందమునకు చెందిన లోయిస్ హెట్లండ్, ఎలెన్ విన్నర్ మున్నగువారు బోస్టన్ ప్రాంతమందలి రెండు ఉన్నత పాఠశాలలలో ఐదుగురు కళోపాధ్యాయుల తరగతులను దీర్ఘకాలము పరిశీలించి, 2007లో 'స్టూడియో థింకింగ్' అను గ్రంథమును వెలువరించిరి. ప్రదర్శించి చెప్పుట, పిల్లలు పని చేయుచుండగా ఒక్కొక్కరి దగ్గరకు పోయి మాటలాడుట, అందరును కూడి విమర్శించుట అను మూడు అంగములు ఆ తరగతులకు ఆధారమనియు, చేతి నేర్పు, పట్టుదల, పరిశీలన, ఊహ, ఆత్మవిమర్శ వంటి ఎనిమిది మనోవృత్తులు అచ్చట అలవడుచున్నవనియు వారు చూపిరి. ఆ మూడంగములను నకాషీల పనిచోటుతో పోల్చిచూచినచో వింతయైన సామ్యము కనబడును. అయితే ఆ విన్నర్, హెట్లండ్ గార్లే 2000లో చేసిన మరియొక బృహత్సమీక్షలో, కళాశిక్షణ సాధారణముగా ఇతర విషయముల మార్కులను పెంచునను వాదమునకు తగిన ఆధారము లేదని తేల్చిరి. సంగీత నాటకములకు సంబంధించిన మూడు సందర్భములలో మాత్రమే నమ్మదగిన కార్యకారణ సంబంధము వారికి కనబడినది. ఇది కళాభిమానులు నొచ్చుకొనవలసిన మాట కాదు. కళను లెక్కల మార్కులకు దాసిగా చూపి సమర్థించు అలవాటును మనము మానుకొనవలెనని దీని తాత్పర్యము. కళాబోధన ఫలమును కళయందే వెదకవలెను.

ఆక్షేపణలను గూడ న్యాయముగా విచారింపవలెను. గొప్ప చిత్రకారులందరును గొప్ప గురువులు కారనుట మొదటిది. నిజమే, సాధన అవసరమైన నియమము గాని సంపూర్ణమైన నియమము కాదు. పిల్లల మనస్సును ఎరుగుట, వారిని ప్రేమించుట వేరుగా కావలెను. గురువు బలమైన శైలి గలవాడైనచో పిల్లలందరును అతని నీడలగుదురనుట రెండవది. స్వేచ్ఛకు మారుపేరైన చిజెక్ తరగతి చిత్రములే ఒకదానినొకటి పోలియున్నవను విమర్శ నెదుర్కొనినవి గనుక ఈ భయమును తేలికగా తీసివేయరాదు. దీనికి మందు గురువు సాధన మానుట కాదు. పిల్లవాని కాగితముపై తన గీత పెట్టకుండుట, తాను ముగించిన చిత్రములకంటె ముగియని వానినే చూపుట, తన శైలితో పాటు డోక్రాను, వెండి తీగను, చేర్యాల పటమును గూడ తరగతికి తెచ్చుట. తన పని మీది మోజుతో ఉపాధ్యాయుడు తరగతిని నిర్లక్ష్యము చేయుననుట మూడవది. అట్టివారు ఉండవచ్చును, కాని కుంచె వదలిన వారందరును తరగతిని శ్రద్ధగా చూచుచున్నారనుటకు ఆధారము లేదు. ఏ ఆసక్తియు మిగులని మనస్సు తరగతికి చేయు ద్రోహము మరింత మౌనముగా, మరింత దీర్ఘముగా సాగును.

వాస్తవ పరిస్థితి ఏమి? 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము పదవ తరగతి వరకు కళలు పాఠ్యవిషయముగా నుండవలెనని కోరినది. 2009 నాటి విద్యాహక్కు చట్టపు షెడ్యూలు, ఆరు మొదలు ఎనిమిదవ తరగతి వరకు నూరుగురికి మించి పిల్లలున్న పాఠశాలలకు కళావిద్యా బోధకుని విధించినది గాని, ఆ బోధకుడు పార్ట్ టైము వాడైనను చాలునన్నది. పార్ట్ టైము గురువునకు జీతముతో పాటు గౌరవమును, స్థిరత్వమును కూడ సగమే దక్కును. సాధనకు కావలసిన మనశ్శాంతి అసలే దక్కదు. పూర్తికాలపు డ్రాయింగు ఉపాధ్యాయునకు మరియొక బాధ: చార్టులు వ్రాయుట, వార్షికోత్సవపు వేదిక నలంకరించుట, గోడలపై నినాదములు దిద్దుట అతని కళకు ఉపయోగములుగా ఎంచబడును. అవన్నియు సేవలే గాని సాధనలు కావు.

చేయదగిన పనులు అసాధ్యములు కావు. వారమున రెండు పీరియడులు ఉపాధ్యాయుని స్వంత పనికి కేటాయించి, ఆ పనిని పిల్లలు చూచునట్లు పాఠశాలలోనే జరుపనిచ్చుట. ఏడాదికొకమారు జిల్లా కేంద్రమున కళోపాధ్యాయుల చిత్రప్రదర్శనమును నిర్వహించి, దానిని వృత్తిలోని అభివృద్ధిగా లెక్కించుట. 1979లో స్థాపితమై హైదరాబాద్‌లో ప్రాంతీయ కేంద్రము గల సాంస్కృతిక వనరుల శిక్షణ కేంద్రము (సి.సి.ఆర్.టి.) వంటి సంస్థల శిక్షణకు వీరిని విరివిగా పంపుట; వేసవిలో కొన్ని వారములు నిర్మల్‌లోనో ఉషేగాఁవ్‌లోనో పనివారి ప్రక్కన శిష్యులుగా కూర్చుండనిచ్చుట. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆరు మొదలు ఎనిమిదవ తరగతి పిల్లలకు స్థానిక వృత్తికారుల చెంత పది దినములు పుస్తకముల సంచి లేని చదువును సూచించినది. ఆ పది దినములలో డ్రాయింగు ఉపాధ్యాయుడు హాజరుపట్టీ పట్టుకొని వెనుక నిలువక, పిల్లలతో పాటు తానును చింతగింజల బంక కలిపినచో, ఆ విధానము కాగితమునుండి లేచి నడచును.

నా నిశ్చయమును సూటిగా చెప్పుచున్నాను. చేయుటను నేర్పుటనుండి విడదీసినది కళాస్వభావము కాదు, ఒకానొక కాలపు పరీక్షాపద్ధతి. మనుష్యులు చేసిన విభజనమును మనుష్యులే మాన్పగలరు. రాజయ్య వంటివాడు తన జీతమును, తన తీరికను, తన పట్టుదలను వెచ్చించి ఒంటరిగా సాధించినదానిని ప్రతి డ్రాయింగు ఉపాధ్యాయుడును ఒంటరిగా సాధించునని ఎదురుచూచుట అన్యాయము. ఉపాధ్యాయుని సాధన అతని సొంత విలాసము కాదు, అది పిల్లలకు చెందవలసిన ఆస్తి. దానికి కాలమును, కాగితమును, రంగులను, గౌరవమును సమకూర్చుట పాఠశాలకును ప్రభుత్వమునకును విధి. ఆ విధిని నెరవేర్చు యత్నము మొదలుపెట్టుటకు నకాషీలును, వోజలును, వెండి పనివారును ఇంకను పనిచేయుచు నేర్పుచున్న ఈ రెండు జిల్లాలకంటె తగిన తావు తెలుగు దేశమున వేరొకటి లేదు. వారి పనిచోట్లు మూతబడకముందే ఆ పని మొదలు కావలెను.